గురువు, లఘువు, ఒక పైథాన్ ఫైలు: ప్రాజెక్టు డైరీ

నవంబరు

పద్యం ఇస్తే అది ఏ ఛందస్సో, గణం (గురువులు, లఘువులు కలిసిన గుంపు) ఎక్కడ తప్పిందో, యతిప్రాసలు కుదిరాయో లేదో చెప్పే చిన్న ప్రోగ్రాం రాయడం మొదలుపెట్టాను. ఇలాంటిది లేక కాదు. ‘ఛందం’ అనే సాఫ్ట్‌వేర్ ఎప్పటినుంచో ఉంది, పద్యాలు రాసేవాళ్లు వాడుతున్నారు కూడా. నాకు కావలసింది పనిముట్టు కాదు, దాన్ని తయారు చేస్తుంటే బయటపడే సంగతులు. పదో తరగతిలో గణవిభజన ప్రశ్న వచ్చిందంటే నాకు పండగే, మార్కులు ఎటూ పోయేవి కావు. అయినా ‘వట్రసుడి ఉన్న అక్షరానికి ముందున్నది గురువా, లఘువా?’ అని ఎవరైనా అడిగితే ఈ రోజుకీ కాస్త ఆలోచిస్తాను. మనుషులతో మాట్లాడేటప్పుడు ఇలాంటి చోట్ల మాట మార్చేయొచ్చు. కంప్యూటరు దగ్గర ఆ పప్పులుడకవు.

పగలంతా ఆఫీసులో టెస్టింగ్ పని. ఇది రాత్రి భోజనాలయ్యాక, శని ఆదివారాల్లో. ఒక పద్ధతి పెట్టుకున్నాను. కోడ్‌లో ఏ నియమం రాసినా, అది నాకు ఎలా తెలుసో పక్కనే కామెంట్లో ఒక్క మాటలో రాయాలి: పుస్తకం, మాస్టారు, చెవి, ఊహ. ఈ నాలుగే. మాస్టారంటే మా అపార్ట్‌మెంట్‌లో కింద ఫ్లాట్‌లో ఉండే రిటైర్డ్ తెలుగు పండితులు. మొదటి వారం ఫైలు తిరగేస్తే సగానికి పైగా ‘ఊహ’ అనే ఉంది. బడిలో నేర్చుకున్నానని అనుకున్నవి కూడా.

నవంబరు చివర

ముందు పద్యాన్ని అక్షరాలుగా విడగొట్టాలి. మనకి ‘స్త్రీ’ ఒకటే అక్షరం. దీని పొడవెంత అని పైథాన్‌ని అడిగితే 6 అంటుంది: స, పొల్లు గుర్తు, త, మళ్లీ పొల్లు గుర్తు, ర, పైన గుడి దీర్ఘం. యూనికోడ్‌లో వత్తు అంటూ విడిగా ఏదీ లేదు. ముందు హల్లుకి పొల్లు తగిలించి, వెనకే ఇంకో హల్లు పెడితే తెర మీద అది వత్తుగా కనబడుతుంది. అందుకని హల్లు, దాని కింద వత్తులు ఎన్ని ఉంటే అన్నీ, ఆ పైన గుణింతం, ఉంటే సున్నా, విసర్గ, మొత్తం కలిపి ఒక అక్షరం అని చెప్పాను. మాట చివర పొల్లు మిగిలిపోతే వెనకటి అక్షరానికి అంటించేయాలి.

ఆ తర్వాత గురులఘువులు. పలకడానికి రెండు మాత్రల కాలం పట్టేది గురువు, ఒక మాత్ర పట్టేది లఘువు. దీర్ఘాలు, ఐ ఔలు, సున్నా ఉన్నవి, విసర్గ ఉన్నవి, పొల్లు అంటుకున్నవి, సంయుక్తాక్షరానికి ద్విత్వాక్షరానికి ముందున్నవి గురువులు. తక్కినవి లఘువులు. పాత పుస్తకాల నుంచి ఎక్కించిన పద్యాల్లో అరసున్నాలు ఉంటాయి. నిండుసున్నా గురువు చేస్తుంది, అరసున్నా చెయ్యదు. కంప్యూటరుకి రెండూ వేరువేరు గుర్తులే కాబట్టి ఇబ్బంది రాలేదు.

వట్రసుడి సంగతి ఈ వారమే తేలింది. ‘ప్రకృతి’లో కృ అంటే క, దానికి వట్రసుడి. వట్రసుడి అచ్చు గుర్తు, వత్తు కాదు. అందువల్ల ముందున్న ప్ర లఘువుగానే ఉంటుంది, మూడూ లఘువులై నగణం వస్తుంది. అదే మాటని ‘ప్రక్రుతి’ అని టైపు చేస్తే క కింద రావత్తు వచ్చి, ప్ర గురువైపోయి, భగణం అవుతుంది. అంటే స్పెల్లింగు తప్పు రాస్తే పద్యం నడకే మారిపోతుంది. వాట్సాప్‌లో ‘క్రిష్ణ’, ‘ప్రక్రుతి’ చూసీ చూసీ కళ్లు అలవాటు పడ్డాయిగానీ, ఛందస్సు మాత్రం ఊరుకోదు. ఆ నియమం పక్కన ‘ఊహ’ కొట్టేసి ‘పుస్తకం’ అని రాశాను.

డిసెంబరు

వృత్తాలు ఇంత తేలిగ్గా అయిపోతాయనుకోలేదు. ప్రతి పాదానికీ నమూనా ముందే ఉంది, సరిపోల్చుకుంటే చాలు. గురువుకి గ, లఘువుకి ల పెట్టి రాసుకున్నాను. యమాతారాజభానసలగం ఉండనే ఉంది. దీని గురించి ఒక ముక్క. ఈ పదక్షరాల్లో ఎక్కడినుంచైనా వరసగా మూడు తీసుకుంటే ఒక గణం వస్తుంది. అలా ఎనిమిది గణాలూ ఒక్కోసారే వస్తాయి, ఏదీ మిగలదు, ఏదీ రెండుసార్లు రాదు. గణితంలో ఇలాంటివాటిని డి బ్రైన్ వరసలు అంటారు. మన బళ్లో దీన్ని ఒక కంఠస్థం సూత్రంగా చెప్పి వదిలేస్తారు, అంతే.

నాలుగు వృత్తాల నమూనాలూ ఫైల్లో పెడుతూ ఉత్పలమాల కింద చంపకమాల రాశాను.

గలలగలగలలలగలలగలలగలగలగ
లలలలగలగలలలగలలగలలగలగలగ

మొదట తేడా కనబడలేదు, తర్వాత తేడా తప్ప ఇంకేమీ కనబడలేదు. ఉత్పలమాల మొదటి గురువుని తీసేసి దాని బదులు రెండు లఘువులు పెడితే చంపకమాల. మిగతా పాదం అక్షరం పొల్లు పోకుండా అదే. ఒక అక్షరం పెరిగింది కాబట్టి యతి (పాదం మొదటి అక్షరంతో కలవాల్సిన చోటు) 10వ అక్షరం నుంచి 11కి జరిగింది. వెంటనే శార్దూలం, మత్తేభం కూడా పక్కపక్కన పెట్టి చూశాను. అవీ అంతే! శార్దూలం మొదటి గురువుని రెండు లఘువులుగా విడగొడితే మత్తేభం. యతి 13 నుంచి 14కి. భరనభభరవ, నజభజజజర అని విడివిడిగా బట్టీ పట్టినప్పుడు ఈ చుట్టరికం కనబడదు, ఎందుకంటే గణాల పేర్లు ఎక్కడా కలవవు. మూడేసి అక్షరాల చొప్పున ముక్కలు కొయ్యడంలో ఒక లఘువు ముందుకి జరిగేసరికి ప్రతి గణం పేరూ మారిపోతుంది.

సాయంత్రం కిందికి వెళ్లి మాస్టారుకి చూపిస్తే నవ్వారు. “పద్యం రాసేవాడికి ఇది చేతికి తెలుసమ్మా. మొదటి మాట ‘రాముడు’ అని మొదలుపెడితే ఉత్పల, ‘రఘుపతి’ అంటే చంపకం. అక్కడి నుంచి రెండూ ఒకే దారిన పోతాయి.” గలల, లలలల. ఒక గురువు, దాని చోట రెండు లఘువులు. సరిగ్గా అదే. ఆ లెక్కన ఒక పాదం ఉత్పల, ఒక పాదం చంపకం కలిపి రాయొచ్చా అని అడిగాను. “రాయకూడదు” అన్నారు. ఎందుకు అని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. కోడ్‌లో ‘మాస్టారు’ అని రాసి ఊరుకున్నాను.

సంక్రాంతి సెలవులు

ఆటవెలది, తేటగీతి, కందం. వీటికి భయపడుతూ వచ్చాను. వృత్తంలో ప్రతి అక్షరానికీ చోటు నిర్ణయమై ఉంటుంది. ఆటవెలదిలో అలా కాదు, ‘ఇక్కడ సూర్యగణం ఉండాలి’ అని మాత్రమే ఉంటుంది. సూర్యగణాలు రెండు: గల, లలల. ఇంద్రగణాలు ఆరు: నగం, సలం, నలం, భ, ర, త. కొన్నిటికి మూడు అక్షరాలు, కొన్నిటికి నాలుగు. ఎక్కడ కొయ్యాలో తెలియక ప్రోగ్రాం ఒక దారిలో పోయి, అది కుదరక వెనక్కొచ్చి, ఇంకో దారి వెతుక్కోవలసి వస్తుందనుకున్నాను. దానికి తగ్గట్టు పెద్ద కోడ్ రాసి పెట్టాను.

అది నడిపితే వెనక్కి రావడం ఒక్కసారీ జరగలేదు. అనుమానం వచ్చి గణాల జాబితా కాగితం మీద రాశాను. లలలగ, లలగల, లలలల, గలల, గలగ, గగల. వీటిలో ఏ గణమూ ఇంకో గణానికి మొదటి భాగం కాదు. గురువుతో మొదలైందా, మూడు అక్షరాలు. లఘువుతో మొదలైందా, నాలుగు. సూర్యగణాలదీ అదే తీరు, మొదటి అక్షరం వినగానే గణం ఎంత పొడవో తెలిసిపోతుంది. కందం గణాలు (గగ, భ, జ, స, నల) అయితే ఇంకా సులువు. ప్రతిదీ సరిగ్గా నాలుగు మాత్రలు. నాలుగు లెక్కపెట్టి గీత గియ్యడమే. ఆ గీత మీద గురువు అడ్డంగా పడితే కందం చెడినట్టు.

కంప్యూటరు చదువులో ఇలాంటివాటిని ప్రిఫిక్స్ కోడ్లు అంటారు. ఎడమనుంచి కుడికి ఒక్కసారి చదువుకుంటూ పోతే చాలు, వెనక్కి తిరిగి చూడక్కర్లేదు. ఇది నా ఊహే, కామెంట్లోనూ అలాగే రాశాను: వినే కవిత్వానికి ఇది అవసరం. పుస్తకంలో చదివేవాడైతే వెనక్కి వెళ్లి మళ్లీ చూసుకుంటాడు. వింటున్నవాడికి ఆ వీలు లేదు. చెవి వెనక్కి వెళ్లకుండా పట్టుకోగలిగిన గణాలే నిలబడి ఉంటాయి. పెద్ద కోడ్ తీసేశాను. మిగిలింది ఒక అరపేజీ.

కందంలో ఇంకో రెండు మూడు షరతులున్నాయి: బేసి గణంగా జగణం రాకూడదు, ఆరో గణం నలం గానీ జగణం గానీ అయి తీరాలి, రెండో నాలుగో పాదాల చివర గురువుండాలి. అవి అరగంట పని.

ఫిబ్రవరి

యతి. నెలంతా ఇదే.

సంస్కృతంలో యతి అంటే ఆ చోట మాట విరగాలి. తెలుగులో విరగనక్కర్లేదు, ఆ చోటున్న అక్షరం పాదం మొదటి అక్షరంతో మైత్రి చెయ్యాలి. హల్లు హల్లుతో, అచ్చు అచ్చుతో. అచ్చుల్లో అ ఆ ఐ ఔ ఒక జట్టు, ఇ ఈ ఎ ఏ ఋ ఒకటి, ఉ ఊ ఒ ఓ ఒకటి. హల్లుల్లో వర్గాల వారీగా. చ వర్గంతో శ ష స కలుస్తాయి, ప ఫ బ భలతో వ కలుస్తుంది. పట్టిక తయారు చేసి, అందరికీ తెలిసిన వేమన పద్యం పెట్టాను.

ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు
చూడ చూడ రుచుల జాడ వేరు

గణాలు చక్కగా వచ్చాయి. ఉప్పు, కప్పు, రంబు, మూడూ గలం. నొక్కపో రగణం, లికనుండు సలం. మొదటి పాదంలో యతి మాత్రం ‘తప్పు’ అని ఎర్రగా చూపించింది. ఉ ఎక్కడ, నొ ఎక్కడ. ఒకటి అచ్చు, ఇంకోటి న. రెండో పాదం కూడా ఎరుపే. చూ, జా: హల్లులు కలిశాయి గానీ ఊకారానికి ఆకారం పొసగదు.

అమ్మకి ఫోన్ చేసి ఈ పద్యం చదవమన్నాను, కారణం చెప్పలేదు. రాగం తీస్తూ ‘కప్పురంబు’ దాకా వచ్చి కొంచెం ఆగింది, ‘నొక్క’ దగ్గర ఊనిక వేసి ఎత్తుకుంది. రెండో పాదంలో ‘చూడ’ మీద వేసిన ఊనికే ‘జాడ’ మీదా వేసింది. యతి అనే మాట అమ్మ ఎప్పుడూ వినలేదు. ఆ చోటు మాత్రం తెలుసు.

మాస్టారు తెర వైపు చూడను కూడా చూడలేదు. “ఆ నకారం ఎవరిదనుకున్నావ్ అమ్మాయ్? ‘ఒక్క’ది కాదు, ‘కప్పురంబు’ది. ఉప్పూ, కప్పురమూ అని చెబుతున్నాడు కదా. కప్పురంబున్, ఒక్క పోలిక. విడదీసి చూడు.” విడదీస్తే ఒ మిగిలింది. ఉ, ఒ ఒకే జట్టు. ద్రుతం (మాట చివర చేరే ఈ నకారం) గురించి చిన్నయసూరి బాలవ్యాకరణంలో (1858) ఉన్నది నేను చదివిందే. అది సంధుల పాఠం, యతి ఛందస్సు పాఠం అని నా బుర్రలో వేరువేరు అరల్లో పడి ఉన్నాయి. రెండో పాదానికి ఆయన ఒక్క మాటే అన్నారు: “ప్రాసయతి.” ఆటవెలది, తేటగీతి, సీసాల్లో యతి బదులు రెండో అక్షరాలు కలిస్తే చాలు. చూడ, జాడ, డకి డ. వృత్తాల్లో, కందంలో ఇది చెల్లదు.

ప్రాసయతిని ప్రోగ్రాంకి చెప్పడం పది నిమిషాల పని. ద్రుతం మాత్రం గట్టి చిక్కే. యతిస్థానంలో ‘నొ’ కనబడితే ఆ న వెనక మాటదా, ముందు మాటదా? ‘నొప్పి’లో నొ అయితే న ఆ మాటదే. ఇక్కడ ‘ఉప్పూ, కప్పురమూ’ అనే అర్థం తెలిస్తే తప్ప తేలదు. పద్యం తెలిసినవాళ్లకి ఇది ప్రశ్నే కాదు, అర్థం ముందే తెలిసి ఉంటుంది కాబట్టి. సంధి జరిగిన చోటా అంతే. ‘రాజ్యాధికారం’లో జ్యా యతిస్థానంలో పడితే, రాజ్య, అధికారం అని విడదీసి అకారంతో యతి చెల్లించవచ్చు. విడదీయకుండా హల్లుతోనే చెల్లిస్తే దాన్ని అఖండయతి అంటారు, దాని మీద లాక్షణికుల వాదాలున్నాయి. వాటి జోలికి వెళ్లలేదు.

ఈ రోజు కామెంట్లకి ఐదో మాట చేర్చాను: ‘అర్థం’. పుస్తకంలో ఉన్నా, మాస్టారు చెప్పినా, మాటల అర్థం తెలియకపోతే నడవని నియమాల పక్కన ఇది రాస్తాను.

మార్చి

ఉద్యోగంలో నా పని చెడగొట్టడం. సరిగ్గా పనిచేసేదాన్ని ఎలా కుప్పకూల్చాలో చూడాలి. ఇంట్లోనూ అదే చేశాను. మంచి పద్యాలు తీసుకుని ఒక్కో మాట మార్చి, ప్రోగ్రాం పట్టుకుంటుందో లేదో చూడటం. బాగున్న పద్యం పది సార్లు చదివినా తెలియని సంగతి, దాన్ని ఒక్కసారి పాడు చేస్తే తెలుస్తుంది.

‘కప్పురంబు’ తీసి ‘కర్పూరంబు’ పెట్టాను. అర్థం మారలేదు, మాట ఇంకా శుద్ధంగానే ఉంది. కానీ కర్పూ రెండూ గురువులు, సూర్యగణం కాదు. రెండో గణంలోనే పద్యం కూలింది. తద్భవం నిలబడింది, తత్సమం పడిపోయింది. నిఘంటువులో ‘కప్పురం’ చూస్తే కర్పూరానికి వికృతి అని ఉంటుంది, అంతే. ఇక్కడ మాత్రం ఆ మాట మీద పాదం మొత్తం ఆనుకుని ఉంది. పైగా ఉప్పు, కప్పు అని పక్కపక్కన పడటం చూడండి. ఎవరో దిద్దినట్టు ఉంది.

ఇంకోటి. ‘పురుషులందు’ అన్నచోట ‘మనుషులందు’ అని పెట్టాను, ఇప్పటి మనకి అదే సబబుగా ఉంటుంది కదా అని. గణం చెక్కు చెదరలేదు, రెండూ లలల, గల. యతి మాత్రం పోయింది. తర్వాత వచ్చే ‘పురుషులు’లోని పుతో మొదటి పు మైత్రి చేస్తోంది, మ చెయ్యలేదు. ఒకరు మొదటి అక్షరం అందిస్తే చాలు, తర్వాత మాట దానంతటదే నోటికి వస్తుంది. ఇన్ని తరాలు ఈ పద్యాలు కాగితం లేకుండా నోళ్లలో నిలిచాయంటే యతికి అందులో పెద్ద వాటా ఉందని నాకనిపిస్తోంది. యతి పద్యానికి నగ అని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఇప్పుడు పద్యం తనని తాను చెడిపోకుండా కాచుకునే ఏర్పాటులా కనబడుతోంది. ఒక్క మాట జారితే ఎక్కడో ఒక చోట మోగుతుంది.

మధ్యలో సరదాగా. ఆఫీసులో పక్క సీటు అమ్మాయి తన మాటలు తూచమంది. సెలవు: లలల, సూర్యగణం. ఆఫీసు: గగల, తగణం. టెన్షన్: గగ, కందంలో ఒక పూర్తి గణం. పొల్లుతో ఆగే ఇంగ్లీషు మాటలు గురువులైపోయి బరువెక్కుతాయి. మనవాళ్లు వాటి చివర ఉకారం చేర్చి బస్సు, కారు, రోడ్డు అని ఎందుకు పలికారో గలం, గలం, గలం అని వరసగా వస్తుంటే కొంత అర్థమైంది.

ఏప్రిల్

‘సంయుక్తాక్షరం ముందున్నది గురువు.’ ఈ నియమాన్ని నవంబరులోనే రాసి, ‘పుస్తకం’ అని ముద్ర వేసి మర్చిపోయాను. ఇప్పుడు మళ్లీ తెరిచాను.

‘అది ప్రజల సొమ్ము’ అంటే ది లఘువే. ఊనిక లేదు, ఎందుకంటే ప్రజలు వేరే మాట. ‘దేశప్రజలు’ అంటే శ గురువు, అది సమాసం కాబట్టి. నాకు తెలిసిన విషయమే, పద్యం చదివేటప్పుడు ఎప్పుడూ పొరబడలేదు కూడా. కానీ ప్రోగ్రాంకి మాటల మధ్య ఖాళీ తప్ప ఇంకేం కనబడుతుంది? జనం ‘దేశ ప్రజలు’ అని ఖాళీ వదిలి టైపు చేస్తారు. పాత అచ్చుపుస్తకాల్లో అసలు ఖాళీ లేకుండా కలిపేస్తారు. దీనికి తోడు కొన్ని తెలుగు మాటల్లో రావత్తుని తేల్చి పలుకుతారు, అప్పుడు ముందక్షరం లఘువుగానే ఉండిపోతుంది.

చివరికి గ, ల కాక మూడో గుర్తు పెట్టాను, సందేహానికి. అలాంటి అక్షరం దగ్గర ప్రోగ్రాం రెండు రకాలుగానూ చదివి, ఏది ఛందస్సుకి సరిపోతే దాన్ని తీసుకుంటుంది. పని నడుస్తోంది. అయితే నాకు పూర్తిగా నచ్చలేదు. నిజంగా తప్పున్న పద్యాన్ని కూడా ఇది వెనకేసుకొచ్చే ప్రమాదం ఉంది. అందుకే అలా తీసుకున్న ప్రతి అక్షరాన్నీ పసుపు రంగులో చూపిస్తున్నాను. చూసేవాళ్లే తేల్చుకోవాలి.

పసుపు అక్షరాలన్నీ ఒక పట్టీగా తీసి కూర్చుని చూస్తే, దాదాపు ప్రతిదాని పక్కనా ఐదో మాటే పడుతుంది. ద్రుతం, సంధి, సమాసం, తేల్చి పలకడం. ఛందస్సు అంటే మాటల శబ్దానికి సంబంధించిన లెక్క, అర్థంతో దానికి పని లేదు అనే నమ్మకంతోనే నేను ఈ పని మొదలుపెట్టాను. లెక్క కాబట్టే కంప్యూటరుకి అప్పజెప్పవచ్చనుకున్నాను. వృత్తాల నమూనాలు, గణాల కోత వరకు ఆ నమ్మకం నిలిచింది. మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కావలసిన చోటల్లా లెక్క ఆగిపోయి, ‘ఇతను ఏమంటున్నాడు?’ అనే ప్రశ్న వస్తోంది.

సి.పి. బ్రౌన్ తెలుగు, సంస్కృత ఛందస్సుల మీద ఇంగ్లీషులో 1827లోనే పుస్తకం వేశారు. పుట్టుకతో ఈ చెవి లేని మనిషి. ఆయనా ఏ పండితుడి దగ్గరో కూర్చుని ‘ఆ న ఎవరిది?’ అని అడిగే ఉంటారని నా అనుమానం.

మే

ప్రస్తుతానికి పనిచేస్తున్నవి: నాలుగు వృత్తాలు, కందం, ఆటవెలది, తేటగీతి, ప్రాస, మామూలు యతి, ప్రాసయతి. యతిస్థానంలో నకారం పడితే ‘ద్రుతమేమో చూడండి’ అని అడుగుతుంది, తనంతట తాను ఒప్పనీ తప్పనీ అనదు. అలా అడిగించడం చాలనిపిస్తోంది. నిఘంటువు జతచేసి మాటలు విడగొట్టించవచ్చు కదా అని స్నేహితులు అంటున్నారు. చెయ్యొచ్చు. కానీ ఆ పని ప్రోగ్రాం చేసేస్తే ఇక నేను విడదీసి చూడటం మానేస్తాను. ఇంత శ్రమ పడుతున్నది దానికోసం కాదు.

కామెంట్లు మరోసారి తిరగేశాను. ‘ఊహ’లు బాగా తగ్గాయి. ఉత్పల, చంపకాలు కలపకూడదన్న దాని పక్కన ఇంకా ‘మాస్టారు’ అనే ఉంది. ఈసారి ఎందుకని అడిగాను. “రెండు పాదాలు కలిపి గట్టిగా చదువు” అన్నారు. చదివాను. మొదటి పాదం దెబ్బతో మొదలవుతుంది, రెండోది పరుగుతో. వింటున్న చెవి రెండో పాదం దగ్గర మొదటి దెబ్బ కోసం చూసి తడబడుతుంది. ‘మాస్టారు’ కొట్టేసి ‘చెవి’ అని రాశాను.

తర్వాతది సీసం. ఒక్కో పాదంలో ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు; పాదం రెండు ముక్కలుగా ఉంటుంది, ఏ ముక్కకి ఆ ముక్కలో యతి. కింద తేటగీతి గానీ ఆటవెలది గానీ ఉండాలి. గణాలతో పేచీ లేదు. జనం సీసాన్ని నాలుగు వరుసల్లో టైపు చేస్తారు, ఎనిమిదిలో చేస్తారు, గీతాన్ని ఒక్కోసారి వదిలేస్తారు. ముందు వరుసల సంగతి తేల్చాలి. ఈలోగా మాస్టారు తన పాత కందాల నోట్‌బుక్ ఇచ్చారు, టెస్టింగుకి. పెన్సిలుతో రాసినవి, అరసున్నాలతో సహా. ఈ వారమంతా టైపు చెయ్యడమే.